ఇరుగుపొరుగు

పల్లెకు వాడ యెట్టిదో పట్టణమునకు పేట యట్టిది. మెదక్ జిల్లాలోని టేక్మాల్ వంటి గ్రామములనుండి చదువుకొఱకో, కూలికొఱకో, ఉద్యోగముకొఱకో హైదరాబాదు చేరినవారికి మొదట ఆ నగరము అంతులేని అడవివలె తోచును. కొన్నాళ్లు గడచునప్పటికి వారును ఒక గల్లీకి చెందినవారగుదురు. మూలనున్న కిరాణా దుకాణదారు, పాలు పోయువాడు, ఎదురింటి ముసలమ్మ వారిని గుర్తుపట్టుదురు. నగరమెంత పెద్దదైనను మనుష్యుడు నివసించునది ఒక చిన్న గల్లీలోనే.

హైదరాబాదు నగరమును 1591వ సంవత్సరమున మహమ్మద్ కులీ కుతుబ్ షా నిర్మింపజేసెను. నడుమ చార్మినారు, దానినుండి నాలుగు దిక్కులకు నాలుగు రాజమార్గములు. ఆ మార్గముల వెనుక క్రమక్రమముగా పేటలు వెలసినవి. తరువాతి కాలమున నగరము చుట్టును రాతిగోడ కట్టి దర్వాజాలు పెట్టిరి. నేడు ఆ గోడ చాలవఱకు లేదు. దర్వాజాలలో దబీర్‌పురా దర్వాజా, పురానాపూల్ దర్వాజా నిలిచియున్నవి. అయినను యాకుత్‌పురా, అలీఆబాద్, శాలిబండ, లాల్ దర్వాజా అను పేర్లు జనుల నోట నేటికిని నిలిచియున్నవి. గోడలు కూలినను పేటలు మిగిలినవి. ఏలయన వాటిలో మనుష్యులు విడువక కాపురముండిరి.

పాతనగరపు గల్లీలలో పెక్కుచోట్ల రెండిండ్లకు గోడ ఒక్కటే. ఒక యింట పోపు వేసిన వాసన మూడిండ్లకు తెలియును. రాత్రి ఒకరు దగ్గినచో, తెల్లవాఱగనే పొరుగువారు వచ్చి మందు పుచ్చుకొంటిరా అని యడుగుదురు. తల్లి పనినుండి తిరిగివచ్చుట ఆలస్యమైన దినమున బిడ్డ ప్రక్కయింట అన్నము తినును. ఇట్టి చోట కష్టమును లేకపోలేదు. ఒకరి కలహము అందఱి చెవిని పడును. ఇంటి గుట్టు దాచుకొనుట కష్టము. అయినను కష్టకాలమున పిలిచిన పలుకు వినబడునంత దూరములో మనుష్యులుండుట చిన్న భాగ్యము కాదు.

పండుగలలో ఈ కలిమి కంటికి కనబడును. ఆషాఢమాసమున లాల్ దర్వాజాలోని సింహవాహిని మహంకాళి ఆలయమునకు స్త్రీలు బోనములెత్తుకొని వత్తురు. మొహర్రము పదవనాడు దబీర్‌పురాలోని బీబీకా అలావానుండి అలము ఊరేగింపు బయలుదేరును. ఊరేగింపు చూచుటకు వచ్చినవారికి దాహమిచ్చువారు ఆ వీథులవారే.

అయితే ఇరుకునందు ప్రేమతోపాటు ప్రమాదము కూడ ఉన్నది. దీనిని హైదరాబాదు ఒక్క దినములో తెలిసికొనెను. 1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన, ఎడతెగని వానల వలన మూసీనది పొంగి నగరముపై పడెను. ఒడ్డునున్న పేటలు నీట మునిగినవి. నగరపు గోడలోపల జనులు క్రిక్కిరిసియుండిన కోల్సావాడి అను పేట ఘోరముగా దెబ్బతినెను. ఆ వరదలో సుమారు 15,000 మంది మరణించిరని చరిత్రకారులు వ్రాసిరి. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలోని ఒక చింతచెట్టు కొమ్మలెక్కి దాదాపు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరి. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఆ చెట్టును ఇప్పటికిని చూపుదురు.

ఇంతటి నష్టమునకు కారణమేమో పరిశీలించుటకై నిజాము ప్రభుత్వము 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యను రప్పించెను. ఆయన మూసీ పరీవాహక ప్రదేశమును పరీక్షింపగా అందు 788 చెరువులున్నట్లును, వానిలో 221 తెగినట్లును తేలెను. అవి యొకదాని క్రింద నొకటి గొలుసువలె ఉండునట్టి చెరువులు. పై చెరువు తెగినచో దాని నీరంతయు క్రింది చెరువుపై పడును. తన పాలి నీటిని మోయగల కట్ట రెండు చెరువుల నీటిని మోయలేక తానును తెగును. ఈ విధముగా ఒక్కొక్క చెరువు తెగుచు రాగా ఆ నీరంతయు కలిసి నగరముపై విరుచుకొనిపడెను. నదికెగువ పెద్ద జలాశయములు కట్టవలెనని విశ్వేశ్వరయ్య సూచించెను. ఆ ప్రకారము మూసీపై ఉస్మాన్ సాగరము 1920లోను, ఈసీపై హిమాయత్ సాగరము 1927లోను పూర్తియైనవి.

జలాశయములు కట్టినంతమాత్రమున పేటల కష్టము తీఱలేదు. ఇరుకు సందులలో గాలి వెలుతురులు లేక, మురుగునీరు పోవు దారి లేక రోగములు వ్యాపించుచుండెను. అందువలన 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడెను. అది ఇఱుకుపేటలలోని పాడుపడిన ఇండ్లను తొలగించి, వీథులను వెడల్పుచేసి, సామాన్యులకు గాలి వెలుతురు వచ్చు ఇండ్లను కట్టించెను. చార్మినారునకు చేరువనున్న పత్తర్‌గట్టిలోని రాతి దుకాణముల వరుస కూడ ఆ మండలి పనియే. 1920ల ఆరంభమున విశ్వేశ్వరయ్య మరల వచ్చి భూగర్భమురుగు కాలువల పనిని చూచెను.

వీథిని వెడల్పుచేయుట మంచిపని. కాని ఆ వీథిని వెడల్పుచేయుటకు ఇల్లు కోల్పోయినవాడు గోడలతోపాటు పొరుగును కూడ కోల్పోవును. కొత్తయిల్లు కొన్ని నెలలలో కట్టవచ్చును. అర్ధరాత్రి పిలిచిన పలికెడి పొరుగు ఏర్పడుటకు ఏండ్లు పట్టును. కావున పేటను బాగుచేయువారు రెండు సంగతులను మఱువరాదు: మనుష్యునకు గాలి వెలుతురులు కావలెను, తెలిసినవారి నడుమ బ్రతుకును కావలెను.

నూఱేండ్లు దాటిన తరువాత ఆ పాఠము మరల వచ్చెను. 2020 అక్టోబరులో కురిసిన కుంభవృష్టికి పాతనగరమునకు దక్షిణముననున్న పల్లెచెరువు, గుఱ్ఱపుచెరువు తెగి, వాటి క్రిందనున్న కాలనీలు మునిగినవి. చెరువు శిఖములోను, నాలాల మీదను ఇండ్లు లేచుటచేత, నీటికి పోవలసిన దారి లేక అది ఇండ్లలో ప్రవేశించెను. ఆ దినములలో మిద్దెలున్నవారు మిద్దెలు లేనివారిని పైకి పిలిచిరి. మసీదులును, ఫంక్షన్ హాళ్లును ఆశ్రయములైనవి. వంటచేసినవారు వీథివీథికి తిరిగి అన్నము పంచిరి.

గొలుసు చెరువులకును గల్లీలోని ఇండ్లకును ధర్మమొక్కటే. ఒకరు తమ యింటి చెత్తను మోరీలో వేసినచో, అది పొరుగువారి గుమ్మము వద్ద అడ్డుపడును. ఒకరు తమ అరుగును వీథిలోనికి జరిపినచో, రోగిని తీసికొనిపోవలసిన బండి ఆ మలుపునొద్ద ఆగిపోవును. ఎవరికిని ఇది పెద్ద తప్పుగా తోచదు. కట్ట తెగునాడు కాని దాని ఫలము తెలియదు. అట్లే ఒకరు చేసిన మేలు కూడ ఒక్క యింట ఆగదు. ఒక విద్యార్థి తన గుమ్మము ముందరి మోరీని శుభ్రముగా ఉంచినచో, ప్రక్కయింటివాడును సిగ్గుపడి తన గుమ్మమును చూచుకొనును.

నగరమును కాపాడు పని ప్రభుత్వమునది, ఇంజనీరులది. గల్లీని కాపాడు పని మాత్రము అందు నివసించువారిది. అందుకు అధికారము అక్కఱలేదు, ధనము అక్కఱలేదు. మన యింటినుండి బయలుదేరిన నీరు ఎవరి యింటి ముందుగా పోవునో ఎఱిగియుండుట చాలును.