మీ బగ్ రిపోర్ట్‌కి 'స్టేల్' లేబుల్ పడిందా? క్లోజ్ అవ్వకముందే ఇది చదవండి

ఓపెన్ సోర్స్ యాప్‌లో ఒక బగ్ కనిపించింది. గిట్‌హబ్‌లో ఇష్యూ పెట్టారు. రెండు నెలలైనా ఎవరూ పలకలేదు. చివరికి ఒక బాట్ వచ్చి 'స్టేల్' అని లేబుల్ తగిలించింది. ఇంకో వారానికి ఇష్యూ క్లోజ్! బగ్ మాత్రం మీ ఫోన్‌లో అలాగే ఉంది. అసలు దీని వెనక లెక్క ఏంటో చూద్దాం.

బాట్ ఎలా పనిచేస్తుంది?

గిట్‌హబ్ వాళ్లే ఇచ్చే 'స్టేల్' యాక్షన్‌ని చాలా ప్రాజెక్టులు వాడతాయి. డిఫాల్ట్ సెట్టింగ్స్‌లో, 60 రోజులు కదలిక లేని ఇష్యూకి లేబుల్ వేస్తుంది. ఇంకో 7 రోజులు చూసి క్లోజ్ చేస్తుంది. ఈలోపు ఎవరైనా కామెంట్ పెడితే లేబుల్ తీసేసి, లెక్క మళ్లీ మొదలుపెడుతుంది. అంటే బాట్ చూసేది తేదీలు మాత్రమే. బగ్ ఫిక్స్ అయిందో లేదో దానికి తెలియదు.

అలాగని డెవలపర్లని తిట్టేయకండి. ఖాళీ టైమ్‌లో పనిచేసే ఇద్దరు ముగ్గురి ముందు వందల ఇష్యూలు ఉంటే, నిజంగా పనికొచ్చేది అందులో కలిసిపోతుంది. సర్దడం తప్పదు. కానీ అన్నింటికీ ఒకే గడువు పెట్టడమే సమస్య.

ఎవరి జవాబు పెండింగ్‌లో ఉంది?

1. డెవలపర్ లాగ్స్ అడిగారు, మీరు ఇవ్వలేదు: ఇక్కడ గడువు పెట్టడం న్యాయమే.

2. మీరు అన్నీ ఇచ్చారు, బగ్ కూడా కన్ఫర్మ్ అయింది, డెవలపర్‌కి టైమ్ లేదు: ఇక్కడ గడువు పెట్టడం తప్పు. ఇలాంటి లేబుల్ ఉన్న ఇష్యూలని వదిలేయమని బాట్‌కి చెప్పే సెట్టింగ్ ఉంది.

3. కొత్త ఫీచర్ రిక్వెస్ట్: ఎంతమందికి కావాలో చూడాలి. వీఎస్ కోడ్ టీమ్ పద్ధతి ఇదే. 60 రోజుల్లో 20 ఓట్లు వస్తే రిక్వెస్ట్ బ్యాక్‌లాగ్‌లోకి వెళ్తుంది, లేకపోతే క్లోజ్.

మీరే ఒక ప్రాజెక్ట్ నడుపుతుంటే, బాట్ పెట్టే ముందు ఈ మూడింటినీ లేబుల్స్‌తో విడదీయండి. జవాబు ఎవరు బాకీ ఉన్నారో, గడువు వాళ్లకే ఉండాలి.

మీ ఇష్యూకి లేబుల్ పడితే ఏం చేయాలి?

• లేటెస్ట్ వెర్షన్‌లో మళ్లీ టెస్ట్ చేయండి. బగ్ పోతే మీరే క్లోజ్ చేసేయండి.

• ఇంకా ఉంటే ఫోన్ మోడల్, ఆండ్రాయిడ్ వెర్షన్, యాప్ వెర్షన్, బగ్ రప్పించే స్టెప్స్ రాయండి. "ఎనీ అప్‌డేట్?" అన్నా గడువు పెరుగుతుంది, కానీ డెవలపర్‌కి కొత్తగా తెలిసేదేమీ ఉండదు.

• వేరేవాళ్ల ఇష్యూలో "నాకూ అంతే" అనడానికి బదులు థమ్సప్ రియాక్షన్ ఇవ్వండి. అందరికీ నోటిఫికేషన్ వెళ్లదు.

• బాట్ క్లోజ్ చేసిన ఇష్యూని మామూలు యూజర్ రీఓపెన్ చేయలేరు. లాక్ అవ్వకపోతే అందులోనే కామెంట్ పెట్టండి. లాక్ అయితే, పాతదాని లింక్‌తో కొత్త ఇష్యూ తెరవండి.

చివరిగా ఒక టిప్. గిట్‌హబ్‌లో మామూలుగా ఓపెన్ ఇష్యూలే కనిపిస్తాయి. వెతికేటప్పుడు ఆ ఫిల్టర్ తీసేయండి. క్లోజ్ అయినవాటిలో 'కంప్లీటెడ్' అని ఉందా, 'నాట్ ప్లాన్డ్' అని ఉందా చూడండి. రెండోది ఉంటే ఆ బగ్ ఇంకా బతికే ఉండొచ్చు.