చిత్తు కాగితంతో క్రిస్మస్ కార్డు - ఒక చేతిపని పాఠం



డిసెంబరు వచ్చేసింది. పొద్దున్నే బోరు నీళ్ళు పోసుకోవాలంటే పళ్ళు కొరుకుతున్నాయి. ముదిగుబ్బ అంగళ్ళలో రంగు కాగితాల నక్షత్రాలు, గ్రీటింగ్ కార్డులు వేలాడగట్టినారు. మనలో క్రిస్మస్ చేసుకునే వాళ్ళు కొందరే. కానీ కార్డు ఇవ్వాలన్న ఆశ అందరికీ ఉంటుంది. క్రిస్మస్ దాటితే కొత్త సంవత్సరం, ఆ వెనకే సంక్రాంతి. అన్నిటికీ పనికొచ్చేటట్లు ఈ పాఠం రాస్తున్నాను.

ముందు నా తప్పు చెప్తాను. పోయినేడు నేను రెండు తప్పులు చేసినాను. మొదటిది, కార్డుల కోసం లెక్కల నోట్‌బుక్కులో మధ్య పేజీలు చించినాను. పరీక్షల ముందు రాసుకోను కాగితం లేక పక్కవాణ్ణి అడుక్కున్నాను. రెండోది, దాచుకున్న డబ్బులు పెట్టి అంగట్లో ఒక కార్డు కొని మా అవ్వకిచ్చినాను. మెరుపుల కార్డు. లోపల ఇంగ్లీషులో నాలుగు వరుసలు అచ్చు వేసి ఉన్నాయి. మా అమ్మానాన్నలు పనికి బెంగుళూరు పోయినప్పటి నుంచి తాండాలో నాకు, మా చెల్లెలికి అవ్వే దిక్కు. ఆమెకు చదువు రాదు. కార్డును ఇటు తిప్పి, అటు తిప్పి చూసి, "బాగుంది గానీ, దీంట్లో నువ్వెక్కడున్నావురా?" అని అడిగింది. నాకు జవాబు దొరకలేదు. ఈ పాఠమంతా ఆ ప్రశ్నకు జవాబే.

కార్డు ఎట్లా పుట్టింది?

అచ్చు వేసిన మొదటి క్రిస్మస్ కార్డు 1843లో లండన్‌లో వచ్చింది. హెన్రీ కోల్ అనే పెద్ద ఉద్యోగి వేయించినాడు. అందరికీ ఉత్తరాలు రాసే తీరిక ఆయనకు లేదు. అందుకని జాన్ హార్స్‌లీ అనే చిత్రకారుడి చేత బొమ్మ వేయించి, సుమారు వెయ్యి కార్డులు అచ్చు కొట్టించినాడు. అంటే అచ్చు కార్డు తీరిక లేని మనిషి కోసం పుట్టింది. మనకేమో డబ్బు లేదు గానీ ఆదివారం మధ్యాహ్నం కావలసినంత తీరిక ఉంది. తీరిక ఉన్నవాళ్ళు తీరిక లేనివాళ్ళ కార్డు ఎందుకు కొనాలి?

ఇంకొక కథ వినండి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత చెకోస్లొవేకియా దేశంలో పిల్లలకు యూనిసెఫ్ సంస్థ సాయం చేసింది. దానికి కృతజ్ఞతగా యిట్కా అనే ఏడేళ్ళ పాప ఒక బొమ్మ వేసింది. కొందరు ఆడపిల్లలు ఒక గుంజ చుట్టూ నాట్యం చేస్తున్న బొమ్మ. యుద్ధం వల్ల కాగితం దొరకని కాలం. ఆ పాప గాజు పలక మీద రంగులు వేసింది. ఆ బొమ్మనే 1949లో యూనిసెఫ్ తన మొట్టమొదటి గ్రీటింగ్ కార్డుగా అచ్చు వేసింది. కాగితం లేదని ఆ పాప ఊరుకోలేదు. చేతికందినదాని మీద వేసింది.

ఇది మనవాళ్ళ విద్యే

చిత్తుముక్కలతో పని చెయ్యడం బీదతనం అని కొందరు సిగ్గుపడతారు. సిగ్గు దేనికి? మన తాండాల్లో అవ్వలు వాడేసిన గుడ్డల పీలికలు చేర్చి, అద్దాలు, గవ్వలు, పూసలు కుట్టి పేట్యాలు, సంచులు చేసేవాళ్ళు. మనకు పక్కనే ఉన్న కర్ణాటకలో సండూరు లంబాడీ ఆడవాళ్ళ కుట్టుపనికి ప్రభుత్వం జి.ఐ. గుర్తింపు ఇచ్చింది. 2023 జూలైలో హంపీలో జి-20 సమావేశం జరిగినప్పుడు అక్కడి ఆడవాళ్ళు 450 మందికి పైగా కలిసి చేసిన 1,755 కుట్టుపని వస్తువులను ప్రదర్శించి గిన్నిస్ రికార్డు సాధించినారు. ఎరుకల వాళ్ళు ఈత ఆకుతో, వెదురుతో అల్లే బుట్టలూ ఇట్లాంటి విద్యే. కాబట్టి చిత్తుముక్కను చిన్నచూపు చూడొద్దు.

కావలసిన వస్తువులు (కొనవలసినవి ఏమీ లేవు)

1. పాత పెళ్ళి పత్రికలు. వీటి వెనక పక్క సాధారణంగా ఖాళీగా ఉంటుంది. అట్ట గట్టిది.
2. పోయిన సంవత్సరం క్యాలెండర్ కాగితాలు, చాక్‌పీసుల డబ్బా అట్టలు.
3. బిస్కెట్ ప్యాకెట్ల లోపలి వెండి కాగితం. కడిగి ఆరబెట్టాలి, లేకపోతే చీమలు పడతాయి.
4. దర్జీ అంగట్లో ఊడ్చి పారేసే గుడ్డ ముక్కలు. ధర్మవరంలో మగ్గం ఉన్న ఇంటి పిల్లలు ఎవరైనా తెలిస్తే పట్టుదారం పోగులు, జరీ తెగులు అడగండి.
5. శెనక్కాయ పొట్టు. మన జిల్లాలో దీనికి కరువు లేదు.
6. చీపురు పుల్లలు, వెదురు బద్దలు, దారం.
7. కత్తెర, స్కేలు, కంపాస్ బాక్సు, రీఫిల్ అయిపోయిన బాల్‌పెన్ను.

గమనిక: నోట్‌బుక్కులో పేజీ చించరాదు. రాయడం అయిపోయిన నోట్‌బుక్కుల అట్టలు మాత్రం వాడుకోవచ్చు.

బంక తయారీ

కాగితానికి అన్నం మెతుకులే చాలు. చల్లారిన మెతుకులు నాలుగు తీసుకుని వేలితో మెత్తగా మెదిపితే బంక అవుతుంది. ఎక్కువ కావాలంటే వంట అక్కను అడిగి రెండు చెంచాల మైదా తెచ్చుకోండి. ముందు చన్నీళ్ళలో ఉండలు లేకుండా కలపాలి. వేడినీళ్ళలో వేస్తే ఉండలు కడుతుంది. తర్వాత సన్నమంట మీద కలియబెడుతూ ఉంటే తెల్లదనం పోయి గాజులాగా అవుతుంది. అప్పుడు దించాలి. ఇది రెండు రోజులకు పులిసిపోతుంది, కాబట్టి కావలసినంతే చేసుకోవాలి.

గుడ్డ, అద్దం, శెనక్కాయ పొట్టు అంటించాలంటే తుమ్మ జిగురు మేలు. చెట్టు నుంచి తెచ్చిన జిగురు కొంచెం నీళ్ళలో రాత్రంతా నానబెడితే పొద్దుటికి సిద్ధం.

రంగులు

పసుపు నీళ్ళలో కలిపితే పసుపు రంగు. దాంట్లో చిటికెడు సున్నం వేస్తే ఎరుపు. ఇది సైన్సు పాఠంలో చదివిందే. పసుపు క్షారాన్ని గుర్తించే సూచిక. పూజలో చేసే పారాణి నీళ్ళు ఇవే. కానీ ఈ ఎరుపు చాలా రోజులు నిలవదు, ఎండకు పసుపు కూడా వెలిసిపోతుంది. నిలిచే రంగు కావాలంటే ఎర్రమట్టిని నీళ్ళలో కలిపి గుడ్డలో వడగట్టి, కొంచెం తుమ్మ జిగురు చేర్చండి. నలుపుకు బొగ్గుపొడి, తెలుపుకు సున్నం.

కార్డు చేసే పద్ధతి

మొదట అట్టను రెండు దిక్కులా మెల్లగా వంచి చూడండి. ఒక దిక్కు సులభంగా వంగుతుంది, ఇంకొక దిక్కు మొరాయిస్తుంది. సులభంగా వంగే దిక్కే మడత వెయ్యాలి. రెండో దిక్కు మడిస్తే అంచు పగులుతుంది. కాగితం తయారయ్యేటప్పుడు దాంట్లోని నారలు ఒకే దిక్కుకు పడుకోవడమే దీనికి కారణం.

20 సెంటీమీటర్ల పొడవు, 14 సెంటీమీటర్ల వెడల్పు ముక్క కత్తిరించండి. సరిగ్గా 10 దగ్గర స్కేలు పెట్టి, రీఫిల్ అయిపోయిన బాల్‌పెన్నుతో గట్టిగా ఒక గీత గీయండి. ఆ గీత మీద మడిస్తే అంగట్లో కార్డు మాదిరి నీటుగా వస్తుంది.

ముందు పక్కన మీ ఇష్టం. గుడ్డ ముక్కలతో నక్షత్రం, వెండి కాగితంతో చంద్రుడు. అన్నీ ఒకే కార్డులో కుక్కొద్దు. ఒక బొమ్మ, చుట్టూ ఖాళీ. ఖాళీ ఉంటేనే బొమ్మకు ఊపిరి.

సూది రంధ్రాల కార్డు

ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేస్తారు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలు మీద బొమ్మ గీసి, దాంట్లో సన్నని రంధ్రాలు కొడతారు. వెనక దీపం పెడితే ఆ రంధ్రాల నుంచి వెలుగు వచ్చి నగలు మెరిసినట్లు ఉంటుంది.

మనం తోలు బదులు అట్ట తీసుకుందాం. పెన్సిలుతో నక్షత్రమో, పశువుల పాకో, మన తాండాయో గీయండి. అట్ట కింద మడిచిన దుప్పటి పెట్టి, డివైడర్ మొనతో గీత పొడుగునా రంధ్రాలు పొడవండి. రంధ్రానికి రంధ్రానికి బియ్యపుగింజంత దూరం. వెనక మిఠాయిల పైన చుట్టే రంగు కాగితం అంటించండి. కిటికీకి ఎదురుగా పట్టుకుంటే బొమ్మ వెలుగుతుంది. దీనికి రంగులు అక్కర్లేదు, రాత కూడా అక్కర్లేదు.

చదువు రానివాళ్ళకు కార్డు

ఇది అన్నిటికంటే ముఖ్యమైన భాగం. మన లంబాడీ భాషకు వేరే లిపి లేదు. మన ఇళ్ళల్లో చాలామంది పెద్దవాళ్ళకు తెలుగు చదవడం రాదు. వాళ్ళకు "శుభాకాంక్షలు" అని పెద్ద అక్షరాలతో రాసి ఏం లాభం?

నేను చేసిన పద్ధతి చెప్తాను. కార్డు మీద చిన్న చిన్న కిటికీలు గీసినాను. ఒక్కొక్క కిటికీకి మూడు పక్కలు కోసి, ఒక పక్క వదిలేస్తే తలుపు మాదిరి తెరుచుకుంటుంది. వెనక ఇంకొక కాగితం అంటించి, ప్రతి కిటికీ లోపల ఒక బొమ్మ వేసినాను. మా మేక, చెల్లెలి జడ, హాస్టల్ కంచం, నా చెప్పులు. అవ్వ నన్ను చూడ్డానికి వచ్చే రోజుకు ఎన్ని రోజులుంటే అన్ని కిటికీలు. రోజుకొకటి తెరవాలి. చివరి కిటికీలో బస్సు దిగుతున్న అవ్వ.

దసరా సెలవులు అయిపోయి తిరిగి వచ్చేటప్పుడు దాన్ని ఆమె చేతిలో పెట్టి వచ్చినాను. చూడ్డానికి వచ్చినప్పుడు సంచిలో నుంచి తీసి చూపించింది. మొదటి రోజే అన్ని కిటికీలూ తెరిచేసిందంట! "లోపలేముందో చూడకుండా ఎట్లుంటాను?" అనింది. మళ్ళీ అన్నీ మూసి, రోజుకొకటి లెక్కగా తెరిచిందంట. "దీంట్లో నువ్వుండావు" అని కూడా అనింది. కిటికీలు మూసుకుని నిలవాలంటే ఒక్కొక్కదాని అంచుకు ఒక మెతుకు బంక చాలు. ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది.

ఈసారి క్రిస్మస్ కార్డులో సంక్రాంతి సెలవుల దాకా లెక్కపెట్టి కిటికీలు పెడుతున్నాను. ఒకటి అవ్వకు, ఒకటి బెంగుళూరులో మా యాడికి.

అలంకరణలు

నక్షత్రం: 1830లలో జర్మనీ దేశంలో నీస్కీ అనే ఊళ్ళో మొరేవియన్ సంఘం వాళ్ళు నడిపే బాలుర బడి ఒకటి ఉండేది. అక్కడ జ్యామితి పాఠంగా పిల్లల చేత కాగితం నక్షత్రం చేయించినారు. ఇప్పటికీ ఆ నక్షత్రం మొరేవియన్ నక్షత్రం అనే పేరుతో ప్రపంచమంతా వేలాడుతుంది. బళ్ళో లెక్కల పాఠంలో పుట్టిన నక్షత్రం మన గోడ పత్రికకు రాకుండా ఎట్లా పోతుంది? కానీ అది కష్టం, దానికి చాలా మొనలుంటాయి. మనం ఐదు మొనలది చేద్దాం.

మూరెడు వెదురు బద్దలు పది, బెత్తెడు పుల్లలు ఐదు తీసుకోండి. చెయ్యి ఎత్తకుండా పలక మీద నక్షత్రం గీస్తాం కదా, అదే వరుసలో ఐదు బద్దలు పేర్చి మొనల దగ్గర దారంతో కట్టండి. ఇట్లాంటివి రెండు చెయ్యాలి. రెండింటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి మొనలు కలిపి కట్టండి. లోపల బద్దలు ఒకదాన్నొకటి దాటే చోట్లు ఐదు ఉంటాయి. అక్కడ రెండు చట్రాల నడుమ బెత్తెడు పుల్లలు నిలబెట్టి కట్టండి. నక్షత్రం పొట్ట ఉబ్బుతుంది. పైన క్యాలెండర్ కాగితమో, పాత పల్చని చీర ముక్కో అంటించండి. చీపురు పుల్లలతో ఇదే చిన్నగా చేసి కిటికీలకు కట్టొచ్చు.

శెనక్కాయ ఉయ్యాల: కాయను నిలువుగా రెండుగా చీల్చండి. ఒక చిప్పలో దూది పరిచి, చింతగింజకు గుడ్డ చుట్టి పడుకోబెడితే ఉయ్యాలలో పాపాయి. క్రిస్మస్ చేసుకునేవాళ్ళు దీన్ని పశువుల పాకలో పెట్టుకోవచ్చు. మిగతావాళ్ళు దారానికి గుచ్చి తోరణం కట్టొచ్చు.

జాగ్రత్తలు

1. నక్షత్రం లోపల కొవ్వొత్తి, దీపం పెట్టరాదు. కాగితం, వెదురు నిమిషంలో అంటుకుంటాయి. బల్బు పెట్టాలంటే వార్డెన్ సార్‌ను అడిగి, ఆయన ముందరే పెట్టాలి.
2. అద్దం ముక్కలు పగలగొట్టి వాడొద్దు. పాత కుట్టుపనిలో నుంచి ఊడిన గుండ్రటి అద్దాలే వాడాలి.
3. పోస్టులో పంపే కార్డు మీద పొట్టు, పూసలు వద్దు, నలిగిపోతాయి. పోస్టాఫీసులో తూకం వేయించి స్టాంపు అంటించండి. 20 గ్రాములు దాటితే ఖర్చు పెరుగుతుంది.
4. పని అయిపోయినాక ముక్కలన్నీ ఏరి డబ్బాలో వెయ్యాలి. చిత్తు కూడా వచ్చే ఏటికి సామానే.

వార్డెన్ సార్‌కు మనవి: ఆదివారం మధ్యాహ్నం భోజనాల హాలు, రెండు కత్తెరలు ఇప్పిస్తే, ఆరో తరగతి తమ్ముళ్ళకు మేమే నేర్పిస్తాం. ఇంటి నుంచి ఎవరూ చూడ్డానికి రాని తమ్ముళ్ళు కొందరున్నారు. వాళ్ళకు ఒక్కొక్కరికి ఒక కార్డు అందేటట్లు చూసే పూచీ మాది.

మీరే చేసి చూడండి

1. నక్షత్రం ఐదు మొనల కోణాలను కోణమానినితో కొలిచి కూడండి. 180 డిగ్రీలు రావాలి. రాకపోతే తప్పు ఎక్కడుంది?
2. పసుపు నీళ్ళలో సున్నం బదులు నిమ్మరసం వేస్తే రంగు మారుతుందా?
3. కార్డు పూర్తయినాక ఎవరికిస్తారో వాళ్ళను తలచుకుని ఒకసారి అడగండి: "దీంట్లో నేనెక్కడున్నాను?" జవాబు దొరికితేనే కవరులో పెట్టండి.