చిన్న బ్యాటరీ

మేనకోడలు కార్ల షెడ్డులో పని చేస్తుంది. మేనత్త ఆమెకు అన్నం తెచ్చింది. ఒకటే ఉక్క. ఫ్యాను పెడదామని గోడకున్న ప్లగ్గు తీయబోయింది.

"తీయొద్దత్తా!" అని అరిచింది మేనకోడలు.

"ఏమైందే?"

"ఇది కరెంటు కారు. దీనికి రెండు బ్యాటరీలు. పెద్దది బండిని నడుపుతుంది. చిన్నది 12 వోల్టులది. కారులోని కంప్యూటర్లకు కరెంటు ఇస్తుంది. ఇప్పుడు ఒక కంప్యూటరుకు కొత్త ప్రోగ్రాం ఎక్కిస్తున్నాను. ఈ పనిలో చిన్న బ్యాటరీ దిగిపోతుంది. అప్పుడు పెద్దది దానికి సాయం రాకపోవచ్చు. మధ్యలో కరెంటు తగ్గితే ప్రోగ్రాం సగంలో ఆగుతుంది. కంప్యూటరు చెడిపోవచ్చు. కారు కదలదు. ఆ ప్లగ్గుకున్న పెట్టె చిన్న బ్యాటరీకి నిలకడగా కరెంటు ఇస్తోంది."

మేనత్త చెయ్యి వెనక్కి తీసుకుంది. కొంగుతో విసురుకుంటూ కూర్చుంది. పని పూర్తయ్యాకే మేనకోడలు ప్లగ్గు తీసింది. ఇద్దరూ అన్నం తిన్నారు.

తెలియని ప్లగ్గు తీయకూడదు. ముందు అడగాలి.