మరునాడు సమరయుడు ఏం చేశాడు? – గ్లోబల్ యూత్ డే పాఠం

వాక్యభాగం: లూకా సువార్త 10వ అధ్యాయం, 30 నుండి 35 వచనాలు. వీడియోలో మనం మొత్తం ఉపమానాన్ని ధ్యానించాం. ఇక్కడ 35వ వచనం దగ్గరే కాస్త ఎక్కువసేపు ఆగుదాం. ముఖ్యంగా మేడ్చల్, శామీర్‌పేట వైపు సంఘాల యవనస్థుల కోసం రాస్తున్నాం. బైబిలు దగ్గర పెట్టుకుని చదవండి.

సమరయుడు గాయాలు కట్టాడు, తన వాహనం మీద ఎక్కించాడు, సత్రానికి తీసుకెళ్లాడు. ఇంతవరకు సండే స్కూల్ పిల్లలు కూడా చెప్తారు. మరునాడు ఏం జరిగిందో గమనించండి. రెండు దేనారములు తీసి సత్రపువాని చేతికిచ్చాడు. దేనారమంటే ఒక కూలివాని ఒకరోజు కూలి. మత్తయి 20లో ద్రాక్షతోట పనివాళ్లతో ఒప్పుకున్న కూలి అదే. ఇంకా ఖర్చయితే తిరిగొచ్చినప్పుడు తీరుస్తానన్నాడు. ఆయన తన ప్రయాణం మానుకోలేదు, ఆయన పని ఆయనకుంది. కానీ గాయపడినవాణ్ణి ఒకరికి అప్పగించి, మళ్లీ వస్తానని మాటిచ్చి వెళ్లాడు.

ఇప్పుడు గ్లోబల్ యూత్ డే సంగతి. సెవెంత్ డే ఎడ్వెంటిస్టు సంఘం 2013 మార్చి 16న దీన్ని మొదలుపెట్టింది. మార్చిలో ఒక శనివారం ప్రపంచమంతటా వాళ్ల యవనస్థులు బయటికి వెళ్లి సేవ చేస్తారు. ఆ రోజు ప్రసంగం వినడం కాదు, మీరే ప్రసంగంగా ఉండండి అన్నది వాళ్ల పిలుపు. మంచి పిలుపే. ఆదివారం ఆరాధించే సంఘాలు కూడా తమకు వీలైన రోజు ఇలా చేయొచ్చు. కాకపోతే మన దగ్గర చాలాసార్లు జరిగేదేంటి? టీషర్టులు, ఫ్లెక్సీ, పండ్ల పంపిణీ, గ్రూప్ ఫొటో. సాయంత్రానికి అయిపోతుంది. (ఫ్లెక్సీ డబ్బులతో ఎన్ని చెప్పుల జతలొస్తాయో ట్రెజరర్ గారిని అడగండి!)

చెప్పులంటే గుర్తొచ్చింది. 2020 లాక్‌డౌన్‌లో వలస కూలీలు 44వ నంబరు జాతీయ రహదారి మీద మేడ్చల్ దాటి నాగ్‌పూర్ వైపు నడిచిపోయారు. దారిలో ఎంతోమంది నిలబడి అన్నం, నీళ్లు, చెప్పులు ఇచ్చారు. చెప్పులు ఇవ్వాలంటే ముందు వాళ్ల పాదాలు చూసి ఉండాలి కదా.

మన పక్కన ఇటుక బట్టీలున్నాయి. పశ్చిమ ఒడిశాలోని బలంగీర్, నువాపడా లాంటి జిల్లాల నుంచి కుటుంబాలు అడ్వాన్సు తీసుకుని వస్తాయి. వెయ్యి ఇటుకలకు ఇంత అని లెక్క. పిల్లలు కూడా చెయ్యి వేస్తారు. మార్చి అంటే పని జోరు మీద ఉండే నెల, ఎండ ముదిరే నెల. మే, జూన్‌లో తిరిగి వెళ్లిపోతారు. అంటే మీరు మార్చిలో ఒక్కసారి వెళ్లొచ్చినా, వాళ్లు ఇంకా రెండు మూడు నెలలు ఇక్కడే ఉంటారు. మీ 'మరునాడు' అంటే ఆ రెండు మూడు నెలలే.

కాబట్టి తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఒక వారం ముందే ఇద్దరు ముగ్గురు వెళ్లండి. చేతిలో ఏమీ పట్టుకెళ్లొద్దు. యజమానితో మాట్లాడండి, ఒడియా వచ్చినవాళ్లు సంఘంలో ఉంటే వెంటబెట్టుకోండి. తాగే నీళ్లు ఎక్కడివి? చంటిపిల్లలకు టీకాలు పడ్డాయా? బడికి వెళ్లే పిల్లలెవరు? పని ఏ వేళకు ఆగుతుంది? మనకు ఖాళీ ఉన్న గంట వాళ్లకు ఖాళీ కాకపోవచ్చు. మీరు వెళ్లినందుకు ఆ రోజు వాళ్ల ఇటుకల లెక్క తగ్గితే, సేవ ఖర్చు వాళ్ల మీద పడ్డట్టే.

తర్వాత సత్రపువాణ్ణి వెతకండి. అంటే, మీరు లేనప్పుడు కూడా అక్కడ ఉండే మనిషిని: ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచర్, దగ్గరి ప్రభుత్వ బడి పంతులు గారు. మన ఊళ్లలో చాలాచోట్ల టీకాలు వేసేది బుధ, శనివారాల్లోనే. మీరు శనివారం వెళ్తున్నారు కాబట్టి ముందుగా ఆశా అక్కను అడిగితే, తల్లులను పిల్లలతో తీసుకెళ్లడమే ఆ రోజు మీ కార్యక్రమం కావచ్చు. ఫొటోకి అంత బాగుండదు, అంతే.

"మరి సువార్త చెప్పకపోతే ఎలా?" అని కొందరు పెద్దలు అడుగుతారు. వాళ్ల భారం మనకు అర్థమవుతుంది. కానీ వాక్యంలో సమరయుడు ఆ మనిషిని నీదే కులం, నీదే మతం అని అడగలేదు, ఏ షరతూ పెట్టలేదు. మీరెవరు, ఎందుకొచ్చారు అని వాళ్లే అడిగితే సంతోషంగా చెప్పండి. బియ్యం సంచిలో కరపత్రం మాత్రం పెట్టొద్దు. ఆకలితో ఉన్నవాడు దానికి కాదనలేడు.

యూత్ మీటింగ్‌లో తేదీ ప్రకటించే ముందు ఒక కాగితం మీద రెండో శనివారం ఎవరెళ్తారు, ఏప్రిల్లో ఎవరెళ్తారు, పెట్రోలు ఎవరిస్తారు అని పేర్లు రాసుకోండి. పదిమందే ఉంటే పదిమందే, ఒక్క బట్టీకే వెళ్లండి.

వచ్చే వారం పాఠం: అపొస్తలుల కార్యములు 9:36–42. తబితా చనిపోయినప్పుడు విధవరాండ్రు పేతురుకు ఏం చూపించారో చదివి రండి.