స్వాగత సభ ఏ కార్తెలో?

కొత్తగా చేరిన విద్యార్థులకు స్వాగత సభ జరపటం కాలేజీల్లో ఆనవాయితీ. దాన్ని ఎట్లా జరపాలన్న దానిపై యూనియన్‌లో ఎంతో చర్చ జరుగుతుంది. ఎప్పుడు జరపాలన్నది మాత్రం ఎవరూ అంతగా పట్టించుకోరు. "ఎప్పుడైతే ఏముంది?" అంటారు మిత్రులు. ఏముందో చెప్పటమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందు మన వానల లెక్క చూద్దాం. సిద్దిపేట మెట్ట ప్రాంతం. నైరుతి ఋతుపవనాలు సాధారణంగా జూన్ రెండో వారానికల్లా తెలంగాణను తాకుతాయి. ఏడాది వానలో చాలా భాగం జూన్, సెప్టెంబరు నెలల మధ్యనే కురుస్తుంది. అందులోనూ జూలై, ఆగస్టులదే పెద్ద వాటా. 1950లో కేంద్ర మంత్రి కె.ఎం. మున్షీ ప్రారంభించిన వనమహోత్సవం జూలైలో జరగటానికి కారణం ఇదే. 2015 జూలై 3న మొదలైన హరితహారం కూడా ఈ అదను చూసే వచ్చింది.

స్వాగత సభలో మొక్కలు నాటటం మనకు రివాజు గదా. పునర్వసు, పుష్యమి కార్తెల్లో నాటిన మొక్కకు రెండు మూడు నెలల వాన దొరుకుతుంది. ఎండాకాలం వచ్చేసరికి వేరు కొంత లోతుకు దిగుతుంది. అదే సభను వాయిదా మీద వాయిదా వేసి సంక్రాంతి తర్వాత జరిపామనుకోండి. వేరు పట్టకముందే శివరాత్రి దాటుతుంది, ఎండలు ముదురుతాయి. ఇక బిందెలతో పోయాలి, లేదా ట్యాంకరు తెప్పించాలి. ఆపైన పరీక్షలు, సెలవులు. నీళ్ళు పోసేదెవరు? ఫొటో మిగులుతుంది, మొక్క మిగలదు.

మరో లెక్క కూడా ఉంది. డిగ్రీ మూడేళ్ళు. చేరిన నెలలోనే నాటితే, నాటినవారు కాలేజీ విడిచేలోగా ఆ మొక్క మూడు వానాకాలాలు చూస్తుంది. జనవరిలో నాటితే రెండే.

ఇక అలవాట్ల సంగతి. మొదటి రోజున వాడి పారేసే గ్లాసులో నీళ్ళిస్తే, అదే ఈ కాలేజీ పద్ధతి కాబోలనుకుంటారు కొత్తవారు. ప్లాస్టిక్ గ్లాసులు, పళ్ళేలు, అలంకరణకు వాడే థర్మోకోల్ 2022 జూలై 1 నుండి దేశమంతటా నిషిద్ధం. మన జిల్లా ఊళ్ళల్లో శుభకార్యాలకు స్టీలు బ్యాంకుల నుండి గిన్నెలు, పళ్ళేలు తెచ్చుకుంటున్నారు. ఊరు చేసిన పని కాలేజీ చేయలేదా? అయితే అది మొదటి వారంలోనే చూపాలి. ఆరునెలలు గడిచాక చెబితే ఉపన్యాసమవుతుంది గాని అలవాటు కాదు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2019లో తెచ్చిన 'దీక్షారంభ్' మార్గదర్శిని కూడా పరిచయ కార్యక్రమాన్ని చదువు మొదట్లోనే పెట్టమంటుంది.

దీనికొక అభ్యంతరం ఉంది, అది న్యాయమైనదే. 2016లో 'దోస్త్' వచ్చినప్పటి నుండి డిగ్రీ ప్రవేశాలు విడతలుగా జరుగుతున్నాయి. అందరూ వచ్చేదాకా ఆగుదామంటారు సీనియర్లు. నా సమాధానం ఒక్కటే: సభను రెండు చేయండి. ప్రతి విడత ముగియగానే తరగతి గదిలోనే, షామియానా లేకుండా, గంటసేపు పరిచయం పెట్టి, అదే రోజున మొక్కలు నాటించండి. పాటలు, నాటికలు, విందు మీ వీలు చూసుకొని తర్వాత పెట్టుకోండి.

యూనియన్ వారికి నా మనవి ఇంకొకటి. నాటినవారి పేరు, తేదీ ఒక రిజిస్టరులో రాయండి. మరుసటి ఏడు కొత్తవారి ముందర ఎన్ని మొక్కలు బతికినవో చదివి వినిపించండి. క్యాలెండరు వేసుకునేటప్పుడు పరీక్షల తేదీలతో పాటు కార్తెలు కూడా ఒకసారి చూసుకోండి.