షుగరున్న వారి రోజా

మాకు షుగరు వచ్చి తొమ్మిదేళ్లు. నిరుడు రంజాన్‌లో ఒకరోజు అస్ర్ వేళకు చేతులు వణికి చెమటలు పట్టినా, నలుగురూ ఏమనుకుంటారోనని మగ్రిబ్ దాకా బిగబట్టాం. అది భక్తి కాదు, మొండితనం. దివ్యఖుర్ఆన్ (2:184) రోగులకు మినహాయింపు ఇచ్చింది కదా! రీడింగు 70కి దిగువకు పడినా, 300 దాటినా రోజా విరమించాలని వైద్యులంటారు.

ఈ ఏడు ముందే డాక్టరును కలిసి మాత్రల వేళలు మార్పించుకున్నాం. సహరీలో తెల్లన్నం బదులు జొన్నరొట్టె, పప్పు, పెరుగు. నిదానంగా అరుగుతాయి. ఇఫ్తార్‌కు ఒక్క ఖర్జూరం, మంచినీళ్లు. సమోసాలు మానడమే కష్టంగా ఉంది! మా ఇంటావిడకు బీపీ. ఆమె పళ్లెంలో ఊరగాయ ఉండదు. దస్తర్‌ఖాన్ ఒకటే, పళ్లేలు వేరు.

దాతలారా, షుగరున్న ఇళ్లకిచ్చే రంజాన్ కిట్లలో చక్కెర, మైదా తగ్గించి జొన్నపిండి, శనగలు పెట్టగలమా?