పప్పు చీటీ

వాళ్లది జనగామ దగ్గర పల్లె. ఆయన ఆర్టీసీ బస్సు డ్రైవరు. 2024లో రిటైరయ్యాడు. ఆమె వంటపనికి మాత్రం రిటైర్‌మెంటు లేదు.

ఆయన ముప్పై ఏళ్లు హనుమకొండకు బస్సు నడిపాడు. ఆమె మాత్రం అక్కడి వేయిస్తంభాల గుడి చూడలేదు. అది 1163లో కాకతీయ రుద్రదేవుడు కట్టించిన గుడి.

2023 డిసెంబరు 9న తెలంగాణలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఉచితం చేశారు. వాడకట్టు ఆడవాళ్లు గుడికి బయలుదేరారు. ఆమె కూడా ఆధార్ కార్డు తీసుకుంది.

"మరి నాకు తిండి?" అన్నాడు ఆయన.

ఆమె చీటీ రాసింది. రాయడం నేర్చి ఆరు నెలలే అయింది.

"గ్లాసు కందిపప్పు కడుగు. అరగంట నానబెట్టు. మూడు గ్లాసుల నీళ్లు పొయ్యి. పసుపు వెయ్యి. కుక్కర్ నాలుగు కూతలు కూయాలె. పప్పు మెదుపు. చింతపులుసు పోసి మరగబెట్టు. ఎల్లిగడ్డ, జీలకర్ర, ఎండుమిర్చితో పోపు పెట్టు."

బస్సు బోర్డు ఆమే చదివింది. ఎవరినీ అడగలేదు. గుడిలో నల్లరాతి నంది అద్దంలా నున్నగా ఉంది. దాని ముందు చాలాసేపు కూర్చుంది.

పొద్దుగూకి ఇంటికి వచ్చింది. పప్పు నోట్లో పెట్టుకుంది. చప్పగా ఉంది.

"ఉప్పు వెయ్యలేదా?"

"నువ్వు రాస్తివా?"

చీటీ చూసింది. నిజమే.

ఆయనకు బీపీ ఉంది. మనిషికి రోజుకు ఉప్పు 5 గ్రాముల లోపే ఉండాలి. అంటే చిన్న చెంచాడు. పచ్చడి, అప్పడంలోని ఉప్పు కూడా అందులోదే. ఆమె ఇన్నాళ్లూ చేతి అంచనాతోనే వేసేది. ఈసారి చెంచాతో కొలిచింది. చీటీ కింద రాసింది.

"ఉప్పు అర చెంచా. పులుసు పోసినంక."

ఆయన చీటీ మడిచి ఉప్పు డబ్బా కింద పెట్టాడు.

"మళ్లెప్పుడు పోతున్నరు?" అన్నాడు.